కోస్తే గానీ తెలియనిది

కిర్గిజ్ కొండల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రి. మందలు వేసవి పచ్చికలకు ఎక్కే వారం. సర్జన్ బర్చిన్ గదిలోకి పొద్దున్నే వచ్చి కూర్చుంది కులిపా. రోగి కాదు, చలికాలంలో కడుపు కోయించుకున్న బూబూష్‌కి తోడికోడలు. ఎందుకొచ్చిందో ఇంకా చెప్పలేదు. బర్చిన్‌కి అడగాలంటేనే భయంగా ఉంది.

"ఆ సంచీ బల్ల మీద పెట్టకండి కులిపా అక్కా. నేనేమీ తీసుకోను."

"కురుతే తల్లీ. ఎండబెట్టిన పెరుగు ఉండలు. నాలుగు నోట్లో వేసుకుంటే అరిగిపోతావా?"

"తీసుకోనంటే తీసుకోను. అందులోనూ మీ ఇంటి నుంచి అసలు తీసుకోను."

"మా ఇంటి పెరుగుకేమైంది? పులుపు తక్కువా?"

"మీ ఇంటికి నేను చేసింది చాలదూ? ఇంకా మీ చేతి తిండి కూడా తినమంటారా?"

"అయితే అక్కడే ఉండనీ. నిన్నేం కరవదు."

"బీపీ చూడమంటారా?"

"చూడు. చూడకపోయినా పర్లేదు, బాగానే ఉంది."

"మరి ఎందుకొచ్చారు?"

"ఊరికే. ఇవాళ పైకి బయల్దేరుతున్నాం. ఎక్కితే మళ్ళీ చలి మొదలయ్యాకే కదా దిగేది. గుడారం కట్టలూ, పొయ్యీ, పరుపులూ అన్నీ ట్రక్కులో వేసేశాం. కింద నిలబడి ఉంది. ఒకసారి డాక్టరమ్మని చూసి పోదామని వచ్చాను."

"బూబూష్ ఎలా ఉంది?"

"ఉంది."

"ఉంది అంటే? తింటోందా?"

"పిచ్చుక తిన్నట్టు తింటోంది. మొన్న మా చిన్నమామ ఇంట్లో గొర్రెని కోశారు. వరసని బట్టి మర్యాదగా ఇచ్చే మాంసపు ఎముక ఆవిడ పళ్ళెంలో పెట్టారు. చేత్తో పట్టుకుంది, వాసన చూసింది, మెల్లిగా నా పళ్ళెంలోకి జార్చేసింది. ఎవరూ చూడలేదనుకుంది పాపం. గుర్రపు పాలు గుక్కెడు తాగితే చెమట్లు పట్టి పడుకుంటుంది."

"కడుపు మూడు వంతుల్లో రెండు వంతులు తీసేశాను కదక్కా. అలాగే ఉంటుంది. కొన్నాళ్ళకి కొంచెం..."

"తెలుసులే. అది చెప్పావు."

"అది చెప్పాను. చెప్పాల్సిన తీరులో చెప్పనిది ఇంకొకటుంది. మీరు దాని కోసమే వచ్చారని నాకు తెలుసు. తిట్టాలనుకుంటే తిట్టెయ్యండి. నాలుగు నెలల నుంచి ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను."

"నిన్ను నేనెందుకు తిడతాను?"

"కేన్సర్ అని మీతో అన్నది నేనే కదా. ఈ గది బయట వరండాలోనే. మనసు గట్టి చేసుకోండక్కా, కేన్సరే అన్నాను."

"అన్నావు."

"తీరా చూస్తే కాదు."

"కాకపోవడం మంచిదే కదా."

"మంచిదే. కానీ కాదని ముందే తెలిసుంటే ఆ గడ్డ ఒక్కటీ ఒలిచి తీసి కుట్టేసేదాన్ని. అక్రోటు కాయంత గడ్డ. దాని కోసం మనిషి కడుపే కోసి పారేశాను."

"మరి ముందే ఎందుకు తెలీలేదు? కోపంతో అడగట్లేదు. ఆ రోజు నువ్వు చెప్పిందేదీ నా చెవిలోకి దూరలేదు. ఇప్పుడు చెప్పు, నాకు అర్థమయ్యేట్టు."

"ఎలా చెప్పను... మీ ఇంట్లో నేల మీద మందపాటి కంబళి ఉంటుంది కదా. దాని కింద రాయి ఉందనుకోండి. పైనుంచి చూస్తే ఉబ్బు కనిపిస్తుంది, రాయి కనిపించదు. నోట్లోంచి గొట్టం వేస్తే నాకు కనిపించింది ఆ ఉబ్బే. చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపాను. గిల్లింది కంబళిని, రాయిని కాదు. అంతా బాగానే ఉంది అని వచ్చింది."

"బాగుందని వస్తే కేన్సరని ఎందుకన్నావు?"

"బాగుందన్నది పై పొర. కిందున్నది లోపల్లోపల రక్తం కారుస్తోంది. మన దగ్గర కడుపులో గడ్డంటే ముందు కుక్కల నుంచి వచ్చే పురుగు తిత్తి అనుకుంటాం. లోపల నీరు లేదు, కాబట్టి అది కాదు. ఇక మిగిలింది కేన్సరే అనుకున్నాను. అట్లాంటివి ఇంకా కొన్ని రకాలున్నాయని చదువుకున్నాను గానీ, అవి ఎవరికొస్తాయిలే అనుకున్నాను."

"తీరా అదే వచ్చింది."

"గ్లోమస్ అంటారు దాన్ని. మామూలుగా గోటి కింద వస్తుంది, కందిగింజంత. గోరు తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది. కడుపులో రావడం ఎక్కడో గానీ ఉండదు. ఇన్నేళ్ళలో నేను చూసింది ఇదొక్కటే. అది కూడా కోసి, ముక్క రాజధానికి, బిష్కెక్‌కి పంపి, అక్కడివాళ్ళు అద్దం కింద పెట్టి చూస్తే గానీ పేరు తెలీలేదు."

"అంటే కోస్తే గానీ తెలీదు."

"కోస్తే గానీ తెలీదు. ఆ తెలీదన్న మాటే అప్పుడు నా నోట్లోంచి రాలేదు. తెలీదంటే మనవాళ్ళు ఆపరేషన్‌కి ఒప్పుకోరు. మూలికలనీ, మంత్రించిన నీళ్ళనీ ఇంటికి తీసుకుపోతారు, రక్తం కక్కుకునే వేళకి మళ్ళీ తెస్తారు. కేన్సరంటే మాత్రం మాట వింటారు. అందుకని తేల్చి చెప్పేశాను. తప్పంతా అక్కడే ఉందక్కా. రోజూ దాన్నే తవ్వుకుంటున్నాను."

"నువ్వు ఆ మాట అన్న సాయంత్రమే మావాడికి, ఎర్మెక్‌కి చెప్పేశాను."

"జబ్బు సంగతా?"

"జబ్బు సంగతి కాదు. ఇంకోటి. ఊరందరికీ తెలిసిందే. నువ్వూ వినే ఉంటావు."

"విన్నాను. ఎర్మెక్‌ని కన్నది మీరు కాదు, బూబూష్ అని మా అమ్మ అంటుండేది."

"చూశావా. ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు, వాడొక్కడికే తెలీదు. నాకు పెళ్ళై తొమ్మిదేళ్ళయినా ఒళ్ళో ఏమీ లేదు. బూబూష్‌కి వచ్చిన ఏడాదే కాన్పు. మా అత్తగారు పసివాణ్ణి గుడ్డలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. వీడు నీవాడు, దానికి వయసుంది, మళ్ళీ కంటుంది అంది. బూబూష్ అటు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు. చూడదల్చుకోలేదు."

"మన దగ్గర అది మామూలే కదక్కా. మా మేనత్త కూడా అలాగే..."

"మామూలే. మళ్ళీ కంది కూడా. ముగ్గురు. ముగ్గురూ ఆడపిల్లలే. మగపిల్లాడి కోసం మొక్కని మొక్కు లేదు. నా ఒళ్ళో ఆడుకుంటున్న వాణ్ణి చూస్తూ మొక్కేది. అది కూడా మామూలే అంటావా?"

"అది మామూలు కాదు."

"ముప్పై ఏళ్ళు వాడి చేత పిన్నీ అనిపించుకుంది. ఒక్కసారి నోరు జారలేదు. అలాంటి మనిషి కన్నకొడుకు నోట అమ్మా అన్న మాట వినకుండా పోతే, ఆ పాపం ఎవరికి? అందుకే చెప్పేశాను. మాంసం కొడుతూ కొడుతూ చెప్పాను, వాడి మొహం చూడలేక."

"మంచి పనే చేశారు."

"అవును, మంచి పనే. ఆ రాత్రి నా అంత మంచిది లోకంలో లేదనుకుని పడుకున్నాను."

"అతనేమన్నాడు?"

"బూట్లు తొడుక్కుని నేరుగా ఇక్కడికొచ్చేశాడు. ఇక ఆవిడ మంచం పక్కనుంచి లేస్తే ఒట్టు. ఆపరేషన్ అయ్యాక ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళింది వాడే. గొర్రెలు ఈనే కాలమంతా వాళ్ళ దొడ్లోనే. నా ఇంటికి వచ్చేవాడు, రాకుండా ఉండలేదు. కట్టెలు కొట్టి పేర్చి పోయేవాడు. టీ పోస్తే ముట్టేవాడు కాదు. ముప్పై ఏళ్ళు అబద్ధమాడిన చేతి టీ ఎవరు తాగుతారు?"

"నా మూలానే ఇదంతా. నేను ఆ మాట అనకపోతే మీరు చెప్పేవారే కాదు."

"ఆగు. ఇంకా ఉంది. ముక్క పరీక్షయ్యాక నువ్వు నాకు ఫోన్ చేశావు చూడు, అక్కా కేన్సర్ కాదట అని. ఇంటినిండా జనం. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పక్కింటావిడ నా వీపు నిమిరి, సంతోషం పట్టలేక ఏడుస్తోంది, ఏడవనివ్వండి అంది."

"సంతోషమే కదా."

"కాదు బర్చిన్. ఆవిడ బతుకుతుందని తెలిసి ఏడ్చాను."

"అలా అనకండి."

"అనకపోతే మాత్రం? లోపలున్నది అదే."

"అక్కా, మరి కింద ట్రక్కు నడిపేదెవరు? మీరొక్కరూ ఆ సామానంతా వేసుకుని పైకి..."

"ఎర్మెకే."

"ఎర్మెకా? వచ్చేశాడా?"

"మొన్న వచ్చాడు. ఏమీ జరగనట్టే, అమ్మా గుడారం తాళ్ళు ఎక్కడ పెట్టావు అన్నాడు. కూర్చుని టీ తాగాడు. రెండు గిన్నెలు తాగాడు."

"హమ్మయ్య. ఇంకేం మరి. నా గుండెల మీంచి సగం బరువు దిగిందక్కా."

"దించుకోకు. అప్పుడే దించుకోకు."

"ఏం? ఏమైంది?"

"ఆ వరండాలో నువ్వు నాతో రెండుసార్లు మాట్లాడావు. గుర్తుందా?"

"రెండోసారి... ఆపరేషన్ ముందు. గుర్తుంది. స్కాను చూశాక నాకే అనుమానం వచ్చింది. గడ్డ నిండా రక్తనాళాలే. కేన్సర్ అలా ఉండదే అనుకున్నాను. బిష్కెక్ తీసుకెళ్ళండి, అక్కడ గొట్టంలోంచే సూదిని లోపలికి దింపి ముక్క తీస్తారు, వెళ్ళి రావడానికి పదిరోజులు పట్టొచ్చు, కోయకముందే తెలిసినా తెలియొచ్చు అన్నాను. ఆ ఒక్క మాట అన్నానులే అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. మీ ఇంట్లోవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని వద్దనుకున్నారు. ఆగడం ఎందుకు, కోసెయ్యమంటున్నారు అని మీరే వచ్చి చెప్పారు."

"ఎవరు కూర్చున్నారు?"

"అంటే?"

"మా ఆయన ఎప్పుడో పోయాడు. మా మరిది, అదే బూబూష్ మొగుడు, పైన చలికాలపు కొట్టంలో, గొర్రెలు వదిలి రాలేక. ఆడపిల్లలు ముగ్గురూ అత్తారిళ్ళల్లో. మంచం మీదున్న మనిషికా, మన దగ్గర చెప్పరు. ఇంటికి పెద్దదెవరో దానికి చెప్తారు. నువ్వు నాకు చెప్పావు. మరి నేనెవరికి చెప్పాను?"

"ఎర్మెక్‌కి చెప్పలేదా?"

"ఎవరికీ చెప్పలేదు."

"కులిపా అక్కా."

"చెబుదామనే వెళ్ళాను, ఒట్టు. నీ దగ్గర్నుంచి నేరుగా ఆ వార్డు గుమ్మం దాకా వెళ్ళాను. లోపల వాడు ఆవిడకి చెంచాతో చారు తాగిస్తున్నాడు. ఇంకొక్కటి, అమ్మా, ఇంకొక్కటే అంటున్నాడు. నన్ను ఎప్పుడూ అంత మెత్తగా పిలవలేదు వాడు. అలా పిలవాల్సిన అవసరం రాలేదేమో, ఎప్పుడూ ఉన్నదాన్నే కదా. గుమ్మంలోనే నిలబడిపోయాను. బిష్కెక్ అంటే వాడే తీసుకెళ్ళాలి. పదిరోజులు. ఆ దారంతా, ఆ అద్దెగదిలో, వాడూ ఆవిడా. అంతే ఆలోచించాను. అంతకన్నా పెద్దదేం ఆలోచించలేదు. వెనక్కి తిరిగొచ్చి కోసెయ్యమన్నాను."

"ఆవిడ పోవాలని..."

"పోవాలని కాదు. కాదనే అనుకుంటున్నాను. వాణ్ణి పోయే మనిషికి ఇచ్చానే గానీ, ఉండే మనిషికి ఇవ్వలేదు. అంతే, నా మంచితనం అంతే."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నారక్కా?"

"తిడతావని. తిట్టు. నువ్వు తిట్టించుకోవాలనుకున్నావు, నేనేమో దానికే వచ్చాను."

"నేనేం తిడతాను? కడుపు ఆవిడది. చెవులున్నాయి, నోరుంది. ఈ గోడకి అవతలే పడుకుంది. నేను వెళ్ళి ఆ మంచం మీద కూర్చుని, బూబూష్, ఇదీ సంగతి, నువ్వేమంటావు అని అడగాల్సింది. ఇంటి పెద్దకి చెప్పాను, నా పనైపోయిందనుకున్నాను."

"నా పాపంలో నువ్వు వాటా అడక్కు."

"అడక్కపోయినా నా వాటా నాకుంది. ఈ సంగతి ఆవిడకి తెలుసా?"

"నువ్వే చెప్పావు కదా, పోయిన వారం."

"నేనా? ఏం చెప్పాను? చూపించుకోవడానికి వచ్చింది, బరువు చూశాను... అయ్యో. అవును. అప్పుడు బిష్కెక్ వెళ్ళుంటే బాగుండేది, మీరు వద్దన్నారు అన్నాను. ఎర్మెక్ పక్కనే ఉన్నాడు. బిష్కెక్ ఏంటి, ఎవరు వద్దన్నారు అని లేచి నిలబడ్డాడు. ఆవిడ వెంటనే, నేనేరా, నేనే వద్దన్నాను అంది. రెప్ప కూడా వెయ్యలేదు. నాకేం తెలుసు, నిజమే అనుకున్నాను."

"అక్కడితో ఆగలేదు ఆ మహాతల్లి. ఇంటికెళ్తూ దారిలో వాడికి ఇంకా చెప్పిందట. మీ అమ్మ నా చేతులు పట్టుకుని బతిమాలింది, వెళ్దాం పదమని. నేనే మొండికేశాను. నాకు ప్రాణం మీదికొస్తే మీ అమ్మ నిన్నే తెచ్చి నా చేతిలో పెట్టింది, అలాంటిదాని మీద కోపం పెట్టుకుంటావా, వెళ్ళు, వెళ్ళి గుడారం కట్టిపెట్టు అందట. మీ అమ్మ ముందు నన్ను పిన్ని అనే పిలువు అందట. అందుకే వాడొచ్చి టీ తాగింది. అమ్మా, పిన్ని అంతా చెప్పింది, నన్ను క్షమించు అన్నాడు."

"మీరేమన్నారు?"

"క్షమించాను. ఏం చేయను? టీ పోశాను."

"మళ్ళీ ఇచ్చేసింది మీకు."

"మళ్ళీ ఇచ్చేసింది. మొదటిసారి అడక్కుండా మా అత్త ఇప్పించింది. ఈసారి ఎవరూ ఇప్పించలేదు. అడిగిన దిక్కూ లేదు. నిన్న ఇద్దరం కూర్చుని రొట్టెలు కాల్చుకున్నాం, దారికోసం. ఆవిడ ఒక్క మాట ఎత్తలేదు. పిండి బాగా పిసుకు, గట్టిగా ఉంది అంది. అంతే అంది."

"మరి నన్నేం చెయ్యమంటారక్కా?"

"ఒక్కటి చెప్పు, చాలు. దానికే వచ్చాను. ఆ సూది వేసినా తెలిసేది కాదని చెప్పు. అరుదైన గడ్డ అన్నావు కదా. చదువుకున్నదానివి నీకే తెలీలేదు కదా. సూదికి మాత్రం దొరుకుతుందని ఏముంది? దొరికేది కాదని చెప్పు, నోరు మూసుకుని ట్రక్కెక్కుతాను."

"దొరక్కపోయుండొచ్చు. చాలాసార్లు సూదికి వచ్చే ముక్క చాలదు. చూసేవాళ్ళకీ ఇది ఇదీ అని తేలదు."

"చూశావా."

"దొరికి ఉండొచ్చు కూడా."

"రెండిట్లో ఏది?"

"తెలీదక్కా."

"తెలీనప్పుడు తెలుసని చెప్పావు. ఇప్పుడు నాకోసం ఒక్కసారి తెలుసు అను. ఏం పోతుంది నీకు?"

"అనను. ఒకసారి అన్నాను. దాని ఫలితమే మీరు ఆవిడ పళ్ళెంలో చూస్తున్నారు."

"నీకు జాలి లేదు."

"ఉంది. అందుకే అనను."

ఇంతలో తలుపు తోసుకుని ఎర్మెక్ వచ్చాడు.

"అమ్మా, ఎంతసేపు? మంద వంతెన దాటేసింది. సలాం డాక్టరుగారూ."

"వస్తున్నా పదరా."

"నువ్వు దిగుతూ ఉండు. డాక్టరుగారూ, ఒక్క నిమిషం వరండాలోకి వస్తారా?"

"ఆవిడతో నీకేం పని?"

"ఉందిలేమ్మా. నువ్వు వెళ్ళు."

"ఇక్కడే అడుగు."

"నీ ముందు అడిగేది కాదు. ఎవరూ ఊరికే డాక్టరు దగ్గర ఇంతసేపు కూర్చోరు. పిన్నికీ ఇదే అనుమానం. డాక్టరుగారూ, మా అమ్మకేమైంది? ఎంత పెద్దదైనా సరే, ఆవిడకి చెప్పకండి, బయటికొచ్చి నాకు చెప్పండి."

"బయటికి రాను ఎర్మెక్. ఆ వరండాలో ఇక నేనెవరికీ ఏదీ చెప్పను. చెప్పాల్సింది ఉంటే ఆవిడే చెప్తుంది. లేదంటే నీతో ట్రక్కెక్కుతుంది. ఆవిడ ఇష్టం."

"ఏంటమ్మా? ఏడుస్తున్నావా? కేన్సరా?"

"నాకే రోగమూ లేదు. గుర్రంలా ఉన్నాను. తలుపు వేసి కూర్చో."

"గొర్రెలు ముందుకెళ్ళిపోతాయి."

"వాటికి దారి తెలుసు. కూర్చో. బిష్కెక్ వద్దన్నది ఎవరని ఆ రోజు ఇక్కడే అడిగావట కదా."

"అదా? అది అయిపోయింది కదమ్మా. పిన్ని చెప్పిందిగా, తనే వద్దందని. నువ్వు బతిమాలావని కూడా చెప్పింది."

"ఆవిణ్ణి పిన్ని అనకురా. బిష్కెక్ మాట మీ అమ్మకి చేరనే లేదు. గుమ్మం దాకా తీసుకెళ్ళి, నేనే వెనక్కి తెచ్చేశాను."